వందకి వంద

గురువారం సదరం క్యాంపు.
గుంటూరు పెద్దాసుపత్రి, పాత ఓపీ వరండా,
తిరగనా వద్దా అన్నట్టున్న ఫ్యాను కింద నా కంప్యూటరు.
పేరు, ఊరు, వృత్తి, లోపం రకం, శాతం.
అయిదు గడులు నింపితే ఒక మనిషి అయిపోతాడు,
ఇంకో మనిషి వస్తాడు.

టోకెన్లు పిలవాల్సిందీ నేనే.
పదకొండు సులువు. ఇరవై నాలుగు సులువు.
"మ" దగ్గరే నా పెదాలు తాళం వేసుకుంటాయి.
ము... ము... ము...
వరండా అంతా నా నోటికేసి చూస్తోంది.
"ముప్పై మూడు నేనేలే తల్లీ, లేచాను.
నేనొచ్చే లోపు నువ్వు నిదానంగా పూర్తి చేసుకో"
అంటూ ఒక తెల్ల కర్ర నేలని తడుముకుంటూ వచ్చింది.

కట్టెపోగు యేసోబు. ఏటుకూరు. యాభై నాలుగేళ్లు.
వృత్తి అడక్కుండానే "ఇతరము" అని కొట్టేశాను.
డాక్టరు టార్చి వేశాడు, తీశాడు, ఒక అంకె చెప్పాడు.
"ఎంతేశారమ్మా?"
"వంద."
"మా లెక్కల మాస్టారు బతికుంటే చూపించేవాణ్ణి.
ఆయన దగ్గర పదిహేను దాటితే ఒట్టు."

గోడ మీద పోస్టరు:
వైకల్యాన్ని జయించిన మహనీయులు.
పన్నెండు మొహాలు, అందరూ ఇస్త్రీ బట్టల్లో.
వీళ్లూ ఎక్కడో ఒక వరండాలో కూర్చునే ఉంటారు,
పటం కట్టక ముందు.
జయించడమంటే ఏంటో నాకు సరిగ్గా తెలీదు.
నా "మ"ని నేను జయించలేదు,
దాంతో కాపరం చేస్తున్నాను.

ఆ రోజే
నస్రీన్ అని ఎనిమిదేళ్ల పిల్ల, పుట్టు చెవుడు,
తమ్ముడితో చేతులతో పోట్లాడుతోంది.
వేళ్లు టపటపా. కనుబొమలతో కేకలు.
వాళ్లమ్మ విసిగి దాని రెండు చేతులూ పట్టేసుకుంది,
మనం పిల్లల నోరు మూసినట్టు.
"మూగదా?" అన్నారెవరో పక్క బెంచీ నుంచి.
"మూగా! ఒక్క పూట ఊరుకుంటే దర్గాలో చక్కెర పంచుతా."

హేమచంద్ర వాళ్ల నాన్న భుజం మీదున్నాడు.
సెరిబ్రల్ పాల్సీ.
తల నుంచి చేతికీ, తల నుంచి నాలుకకీ
కబురు చుట్టుదారిన వస్తుంది.
"పొద్దున్నేం తిన్నావురా?" అన్నాడు డాక్టరు,
అని, ఆగకుండా కాగితం రాసేశాడు.
తండ్రీ కొడుకులు గుమ్మం దాటుతుండగా
వెనక్కి తిరిగొచ్చింది జవాబు:
"ఉ...ప్మా. బా...లేదు."
డాక్టరు పెన్ను కింద పెట్టి
అప్పుడు చూశాడు వాడి మొహం, మొదటిసారి.

మార్చిలో మిర్చి యార్డుకి వెళ్లాను, యేసోబు రమ్మంటే.
గేటు దాటగానే ఘాటుకి కళ్లు మూతబడ్డాయి.
ఆయనే నా మోచెయ్యి పట్టుకుని
బస్తాల సందుల్లోంచి నడిపించాడు.

సత్తెనపల్లి రైతు ఒకాయన తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.
మిషను పద్నాలుగు చూపిస్తోంది. తడి అని
ధర తెగ్గోస్తున్నాడు వ్యాపారి.
యేసోబు బస్తా నడుములోకి చెయ్యి పోనిచ్చి
గుప్పెడు కాయలు తీశాడు.
చెవి దగ్గర ఆడించాడు. ఒకటి విరిచాడు.
చుట్టూ అంత గోలలోనూ ఆ చిటుక్కుమన్న చప్పుడు కోసం
అందరూ ఆగారు.
"తేజ. గలగలలాడుతోంది చూడు. కాయ ఎండింది.
తడిసింది మీ మిషను."

ఇంకో మిషను తెచ్చారు. పదిన్నర.
రైతు ఏమీ అనలేదు.
ఎర్రబడ్డ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని
చాలాసేపు వదల్లేదు.
"పల్నాడు రైతులు ఇక్కడ షాపు పేరు అడగరు"
అంది టీ అమ్మే ఆవిడ,
"యేసోబు ఉన్నాడా అని అడుగుతారు."

"ఇతరము" అని కొట్టిన నా వేళ్లని
చున్నీ చివర చుట్టి దాచుకున్నాను.

వచ్చేటప్పుడు కాగితంలో పది కాయలు పొట్లం కట్టి ఇచ్చాడు.
"కూరలో వెయ్యకు. విను" అన్నాడు.

రోజూ రాత్రి ఒకటి విరిచి చెవి దగ్గర పెట్టుకుంటున్నాను.
ఏడు అయిపోయాయి.
ఇంకా ఏమీ వినపడటం లేదు.